ఆఖరి పేజీలోంచి దిగొచ్చిన పెండ్లికూతురు

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోయే పొద్దుటి పల్లెవెలుగు బస్సులో డ్రైవరు వెనక రెండో సీటు ప్రిస్కిల్లది. ఆ సీటు ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. అయినా ఎంత రద్దీ ఉన్నా అందులో ఇంకొకరు కూర్చోరు. కూర్చుంటే ఓబమ్మ ఊరుకోదు. ఓబమ్మ వాళ్లు గొర్రెలు, మేకలు మేపేవాళ్లు. ఇప్పుడు కొంత చేనులో వంగ, బెండ, టమోటా కూడా వేస్తున్నారు. కూరగాయల గంపతో రోజూ ఇదే బస్సెక్కుతుంది. "లెయ్యప్పా, ఆ పాప చదవాల. లేకుంటే కత యాడ నిలబడిందో ఆడే ఉంటాది" అని ఎంత పెద్దమనిషినైనా లేపేస్తుంది.

ప్రిస్కిల్లకు ముప్పై దాటాయి. ప్రొద్దుటూరులో జాకెట్లకు మగ్గం వర్కు చేసే అంగడిలో పని. పక్కన కూర్చునే తహసీన్‌దీ అదే అంగడి. ప్రిస్కిల్ల చదివేవన్నీ క్రైస్తవ నవలలు. కొన్ని చర్చి బీరువాలోవి, కొన్ని సువార్త సభల్లో కొన్నవి. అన్నిట్లోనూ పాతకాలం ఉంటుంది, ఒక మంచి పిల్ల, ఒక మంచి పిల్లోడు ఉంటారు, ఏదో ఒక వస్తువు పోతుంది, ఎవరు తీశారో చివరిదాకా తెలియదు, తెలిసేలోపు నాలుగు ప్రార్థనలు జరుగుతాయి. బస్సు ప్రయాణానికి ఇంతకంటే ఏం కావాలి? మొదట్లో తహసీన్ కోసం మెల్లగా చదివేది. వెనక సీటు వాళ్లు "మాకూ ఇనపడేట్టు చదువు మే" అన్నారు. గట్టిగా చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి పుస్తకంలోని మనుషులు బస్సులోకి వచ్చి కూర్చుంటున్నారు.

దీనికి ఇబ్బంది పడింది కండక్టరు హబీబుల్లా ఒక్కడే. అదీ సీట్ల గురించే. "పాపా, ఈ పొద్దు కతలో ఎంతమంది ఉండారో ముందే చెప్పు, సంత జనం ఎక్కుతారు" అనేవాడు. పెద్ద టోపీ దొర ఒకాయన ఇద్దరి సీటంతా తానే ఆక్రమించుకుంటే భుజం తట్టి జరగమన్నాడు. పుస్తకం మూయగానే వాళ్లంతా దిగిపోతారు. ఎవరు దిగినా తర్వాతి వాక్యంలోకే దిగుతారు కాబట్టి, మర్నాడు అక్కడి నుంచే మళ్లీ ఎక్కుతారు. నవల పూర్తయినవాళ్లు ప్రొద్దుటూరు బస్టాండులో దిగి, బజారు వైపు నడిచి, జనంలో కలిసిపోతారు. ప్రొద్దుటూరు పెద్ద ఊరు, ఎంతమందైనా పడతారు.

ప్రిస్కిల్లకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఏ నవలైనా ముందు ఆఖరి పేజీ చూసుకుంటుంది. పెండ్లి జరిగితేనే మొదటి పేజీ తెరుస్తుంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. కొన్నేళ్ల కిందట ఆమెకు ప్రధానం జరిగింది. ఉంగరం తొడిగారు, చర్చిలో ఇద్దరి పేర్లూ చదివారు. ఇంకో వారంలో పెండ్లి అనగా పెండ్లికొడుకు ఫోను తీయడం మానేశాడు. శుభలేఖలు పంచిన ఇండ్లన్నిటికీ తల్లి ఎస్తేరమ్మ మళ్లీ పోయి, పెండ్లి లేదని చెప్పి వచ్చింది. ఆ తిరుగుడు ప్రిస్కిల్ల కళ్లారా చూసింది. అప్పటి నుంచి చివర తెలియని ఏ పనిలోనూ కాలు పెట్టదు.

అట్లాంటి మనిషికి జయచంద్ర సంబంధం వచ్చింది. పులివెందుల పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. వేంపల్లెలో సభలు జరిగినప్పుడు పెద్దవాళ్లు ఇద్దరినీ ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, తాము దూరంగా పోయి అక్కడి నుంచే చూస్తూ నిలబడ్డారు. అతను ఎక్కువ మాట్లాడలేదు. ఆమెకు నవలలంటే ఇష్టమని విని లేచి వెళ్లాడు. పుస్తకాల అంగడిలో ఉన్నవాటిలోకెల్లా లావుది కొనుక్కొచ్చి చేతికిచ్చాడు.

"తొందరేం లేదండీ. ఇది చదవడం అయిపోయినాకనే చెప్పండి" అన్నాడు.

ప్రిస్కిల్ల పుస్తకం తెరవకముందే అతని చివర ఏమిటో కనుక్కోవాలని చూసింది. పులివెందుల చుట్టాలకు ఫోన్లు చేసింది. తాగుతాడా, కోపమెంత, తల్లి నోరెట్లాంటిది, అన్నీ అడిగింది. అందరూ మంచోడే అన్నారు. ముందటివాణ్ని కూడా అందరూ మంచోడే అన్నారు. వారాలు గడిచాయి. ఎస్తేరమ్మకు ఓపిక చచ్చిపోయింది.

"ఈస్టరు లోపల ఏదో ఒకటి చెప్పకపోతే వాళ్లు పెండ్లిమర్రిలో ఇంకో సంబంధం చూసుకుంటారంట. నేనింక ఒకరి గడప తొక్కేదాన్ని కాదు. నీ ఇష్టం" అంది.

ఆ మాట చెవిలో మోగుతుండగానే మర్నాడు బస్సెక్కి, లావు పుస్తకం ఆఖరి పేజీ తీసింది. ఎప్పుడూ కళ్లతోనే చదివేది. ఆరోజు మనసు మనసులో లేదు. చివరి నాలుగు వరసలూ పైకి చదివేసింది.

ఫుట్‌బోర్డు దగ్గర ఒక పెండ్లికూతురు ప్రత్యక్షమైంది. తెల్ల పట్టుచీర, తల మీద సన్నని ముసుగు, చేతిలో పూలగుత్తి. చెవుల దాకా నవ్వు. పెండ్లికొడుకు లేడు. అతను చర్చి మెట్ల కింద నిలబడింది ఆ పైన వరసల్లో. అవి ప్రిస్కిల్ల పైకి చదవలేదు.

"ఆడోళ్లకు టికెట్ లేదులే గానీ, ఆధార్ చూపీ తల్లీ" అన్నాడు హబీబుల్లా.

"దేవుడే నాకు ఆధారము" అంది పెండ్లికూతురు నవ్వుతూ.

"అది అందరికీ ఉండేదే. కార్డు ల్యా?"

ప్రిస్కిల్ల డబ్బులు తీసి ఆమెకు టికెట్ కొంది. ప్రొద్దుటూరు రాగానే, ఆఖరి పేజీ మనిషి కదా, దిగి పోతుందని అందరూ అనుకున్నారు. పెండ్లికూతురు దిగింది, అటూ ఇటూ చూసింది, మళ్లీ ఎక్కింది.

"నేనెచ్చటికి పోవలెను?" అని అడిగింది.

ముందుకు పోదామంటే తర్వాతి వాక్యం లేదు. వెనక్కి పోదామంటే ఆమెకు వెనకటి కథే లేదు. ప్రిస్కిల్ల ఆమెను అంగడికీ, సాయంత్రం ఇంటికీ వెంటబెట్టుకుని పోయింది. ఎస్తేరమ్మ గడపలోనే ఆమెను ఎగాదిగా చూసి, "తెల్లచీర మాసిపోతాది, మార్చుకో తల్లీ" అని ఒక పాత వాయిలు చీర ఇచ్చింది. అన్నం పెట్టి, వివరాలు అడిగింది.

"మీ ఆయన పేరేంది?"

"దేవదానము."

"ఎట్లాంటోడు?"

"చేయి వెచ్చగా నుండును. అంతియే యెరుగుదును."

"యాడ కలిసినాడు?"

"ఎరుగను."

ఆమె పేరు రాహేలు. పుస్తకంలో చివరి వరస, ఆమె ముఖాన చిరునవ్వు చెరగలేదని. అందుకని ఏం చేసినా ఆ నవ్వు పోదు. అన్నం తింటున్నా నవ్వే, కాలికి రాయి తగిలినా నవ్వే. కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతుంటే ప్రిస్కిల్ల చూసింది. మొహం నవ్వుతూనే ఉంది, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఎందుకు ఏడుస్తాండావు?"

"నాకు సంతోషము కలిగినదని వ్రాసియున్నది. ఏల కలిగెనో తెలియకున్నది" అంది రాహేలు.

తప్పు తనదేనని ప్రిస్కిల్లకు తెలిసింది. మర్నాడు పొద్దున మొదటి పేజీ తెరిచి, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది.

అది నూటయాభై ఏండ్ల కిందటి ధాత కరువు నాటి కథ. ఏటి ఒడ్డున ఒక మిషను, ఒక పాదిరి దొర, ఆయన భార్య, ఊరూరి నుంచి నడిచొచ్చే ఆకలి జనం, వాళ్లకు గంజి కాచే రాహేలు, మందులు కలిపే దేవదానం. రోజుకో అధ్యాయం. చదివిందల్లా రాహేలుకు జరిగిపోతూ వచ్చింది. గంజి కాగు దగ్గర చెయ్యి కాలిన అధ్యాయం రోజు ఆమె మణికట్టు మీద మచ్చ పడింది. ఆకలి అధ్యాయం రోజు ఓబమ్మ గంపలో టమోటాలు గబగబా తినేసింది. ఓబమ్మ కొంగుతో ఆమె మూతి తుడిచి, ఇంకో నాలుగు చేతిలో పెట్టింది. మందు ఒలకబోసినందుకు దేవదానం కసిరిన రోజు రాహేలు మూతి ముడుచుకుంది. ఆ నవ్వు పోయినందుకు బస్సంతా హమ్మయ్య అనుకుంది. ముందటి రోజులు నిండేకొద్దీ ఆఖరి రోజు ఆమెకు చెరిగిపోతూ వచ్చింది. పెండ్లి సంగతి అడిగితే, "ఎవురి పెండ్లి?" అనడం మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ ఇంట్లో ఉండి ఉండి మాట కూడా మారింది.

కథ సగానికి వచ్చేసరికి చర్చిలో ప్రభురాత్రి భోజనపు వెండి గిన్నె పోయింది. ఆ గిన్నె, మందులు దాచే బీరువా తాళంచెవి దేవదానం దగ్గర దొరికింది. జవాన్లు వచ్చి అతని చేతులు కట్టారు. వాళ్లూ, దేవదానమూ, దొరా అందరూ బస్సులో నిలబడే ఉన్నారు.

"తాళంచెవి వాని దగ్గరే ఉండె గదక్కా, వాడే" అంది తహసీన్.

"వాడు కాదు, ఆ దొర వంటోడి సూపే నాకు బాగలేదు" అంది ఓబమ్మ.

దొర రాహేలు వైపు తిరిగి, ఇతని కోసం నువ్వు పూచీ ఉంటావా అని అడిగాడు. రాహేలు పై కడ్డీ పట్టుకుని ఊగుతూ ప్రిస్కిల్ల వైపు చూసింది. రక్తం లేని మొహం. ప్రిస్కిల్ల తట్టుకోలేకపోయింది. దగ్గరకు వంగి, "భయపడద్దు రాహేలూ. చివర ఏమైతాదో నేను ముందే చదివినా, చెప్తా విను" అంది.

"వద్దు, చెప్పద్దు" అంది రాహేలు. "నువ్వు చెప్తే నేను తెలుసుకున్నట్టయితాది. ఆయప్పకు నేను నమ్మేది కావాల."

దొర వైపు తిరిగి, "ఆయన తీయలేదు" అంది.

"నీకెట్లు తెలియును?"

"నాకు తెలీదు. ఆయన తీయలేదు."

హబీబుల్లా విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. దిగాల్సినవాళ్లు తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచారు. ఒక్కరూ గొడవ పెట్టుకోలేదు.

ఆ సాయంత్రం ప్రిస్కిల్ల తల్లిని అడిగింది. "మా, ఆ పులివెందులాయన మన గురించి ఎవురినన్నా విచారించినాడా?"

"ఒక్కరినీ అడగలా. నేనే నోరు జారి ప్రధానం చెడిపోయిన సంగతి ఎత్తితే, అది ఆ పాప చెప్పాలనుకున్నప్పుడు చెప్తాదిలేమ్మా అని ఆపినాడు."

ప్రిస్కిల్లకు సిగ్గేసింది. తాను పులివెందులకు చేసిన ఫోన్లన్నీ గుర్తొచ్చి మొహం కడుక్కునే వంకతో పెరట్లోకి పోయింది.

ఈస్టరు ఇంకో వారం ఉందనగా, మట్టల ఆదివారం ముందు శనివారం కథ చివరికొచ్చింది. వెండి గిన్నె ప్రొద్దుటూరు కంసాలి దగ్గర దొరికింది. దాన్ని అమ్మింది దొరసానే. గంజికి జొన్నలు అయిపోతే ఎవరికీ చెప్పకుండా అమ్మి బస్తాలు తెప్పించింది, ఆ సంగతి చెప్పేలోపు కలరాతో పోయింది. దేవదానం మందుల కోసం అడిగితే తాళంచెవి ఇచ్చిందీ ఆమే. "ఎంత మంచి దొంగమ్మా!" అని ఓబమ్మ కొంగు తీసి ముక్కు చీదింది. తహసీన్ ఏడుస్తూ, తాను దేవదానాన్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంది.

బస్టాండు కనిపిస్తుండగా దేవదానం ఎక్కాడు. కోటు వదులుగా ఉంది, జైల్లో చిక్కిపోయాడు. హబీబుల్లా అతనికి టికెట్ కొట్టబోయి, ఏమనుకున్నాడో, మిషను సంచిలో పెట్టేసుకున్నాడు. రాహేలు మళ్లీ తెల్లచీరలో ఉంది. ఈసారి మొహాన నవ్వు లేదు. పెండ్లినాడు ఏ ఆడపిల్లకైనా ఉండే దడ ఉంది. మణికట్టు మీద మచ్చ ఉంది. ప్రిస్కిల్ల పేజీ తిప్పింది. ఇంక మిగిలింది ఆ నాలుగు వరసలే. గొంతు సవరించుకుంది. రాహేలు చెయ్యి చాపి పుస్తకం మూసేసింది.

"అది మేము చూసుకుంటాంలే" అని, దేవదానం చెయ్యి పట్టుకుని దిగింది.

ఇద్దరూ బజారు వైపు నడిచారు. ఎటు పోవాలో ఎవరినీ అడగలేదు. మామిడికాయల బండి దాటాక జనంలో కలిసిపోయారు. బస్సు ఖాళీ అవుతుంటే ప్రిస్కిల్ల లేచింది.

"తహసీన్, నేనీ పొద్దు రానని అంగడిలో చెప్పు."

"యాడికక్కా?"

"పులివెందులకు."

"ఫోన్ చేసినావా?"

"లేదు" అంది ప్రిస్కిల్ల. తనకే నవ్వొచ్చింది.

హబీబుల్లా ఇవతలి నుంచే కేకేశాడు. "ముద్దనూరు మీద పొయ్యే బండి అదిగో, కదుల్తాండాది, ఉరుకు పాపా!"

పులివెందుల పశువుల ఆసుపత్రి ఆవరణంతా గొర్రెలు, వాటి మనుషులు. జయచంద్ర ఒక కుర్ర మేకపోతును రెండు చేతులా అదిమిపట్టి, దాని నోట్లోకి నట్టల మందు పోస్తున్నాడు. తలెత్తి ప్రిస్కిల్లను చూసి, లేవలేక, వదల్లేక, సగం లేచి నిలబడ్డాడు.

"పుస్తకం అయిపోయిందండీ" అంది ప్రిస్కిల్ల.

అతను మేకపోతును వదలకుండానే, "నా గురించి ఇంకా ఏమన్నా కనుక్కోవాలంటే అడగండి. దాచేదేం లేదు" అన్నాడు.

"అడిగేటివి శానా ఉండాయి" అంది ప్రిస్కిల్ల. "పెండ్లయినాక ఒక్కొక్కటి అడుగుతా."

జయచంద్రకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యేసరికి చేతులు రెండూ సడలిపోయాయి. మేకపోతు మందంతా అతని చొక్కా మీద ఉమ్మేసి గేటు వైపు పరుగెత్తింది. "అప్పా, పట్టుకోండప్పా!" అని దాని యజమాని లబలబలాడాడు. ప్రిస్కిల్ల చెప్పులు అక్కడే విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, జయచంద్ర కంటే ముందు పరుగు తీసింది.