పడని మనిషి

వంటగది గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు మొరాయించాయి. ఆ గడప బెత్తెడు ఎత్తు కూడా లేదు. మూడంతస్తుల నిచ్చెనలు ఎక్కి దిగిన అరవై నాలుగేళ్ళ మనిషి దాని ముందు నిలబడిపోయాడు. మడమలు నేలకు అతుక్కుపోయాయి, ఒళ్ళు మాత్రం ముందుకు తూలుతోంది. పొయ్యి దగ్గరున్న భార్య తిరిగి చూడకుండానే "ఎడమది" అంది. అతను ఎడమ కాలు ఎత్తాడు. అది లేచాక కుడికాలు తనంతట తనే వెంట వచ్చింది.

ఆమె వచ్చి అతని చొక్కా గుండీలు పెట్టింది. ఆ పని ఆమె చేతికి వచ్చి ఏడాది దాటింది. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"ఈ పూట వెళ్ళక తప్పదా?"

"బడిలో మెట్ల గోడ మిగిలిపోయింది. నేను కాకపోతే ఎవడెక్కుతాడు?"

"ఎక్కేవాళ్ళు లేకనా? మీకు దిగబుద్ధి కాక."

రంగులు వేసేవాళ్ళలో అతని పేరు నిచ్చెన మామ. నలభై అయిదేళ్ళుగా ఎత్తు పనులన్నీ అతనివే. మేస్త్రీ స్వయానా అతని భార్య తమ్ముడు. ఇంట్లో "బావా" అని పిలిచే ఆ మనిషి పనిలో అందరిలాగే "మామా" అంటాడు. ఇతనూ పనిలో "మేస్త్రీ" తప్ప మరో మాట అనడు. చుట్టరికం చూసి పని ఇచ్చారని ఎవరూ అనకూడదని ఇద్దరికీ పట్టుదల.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. నిచ్చెన మీంచి పడ్డవాడి మొహాన నీళ్ళు కొట్టి, వేడి టీ తాగించి, వెంటనే మళ్ళీ ఎక్కించాలి. ఆలస్యమైతే భయం గుండెలో గూడు కట్టుకుంటుందట. మళ్ళీ ఎక్కినవాడు పడ్డట్టు లెక్క కాదు. ఆ లెక్కన అతను పంతొమ్మిదో ఏట పరంజా మీంచి జారి తల పగిలినా పడలేదు. ముప్పై రెండో ఏట సినిమా హాల్లో నిచ్చెన జారి సిమెంటు నేలకు తల కొట్టుకున్నప్పుడు కూడా పడలేదు. ఆ రోజంతా ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియలేదు గానీ, గోడ మాత్రం పూర్తి చేశాడు. మూడోసారి పైనుంచి రంగు డబ్బా వచ్చి నడినెత్తిన పడింది. పడింది డబ్బా కదా, మామ కాదు కదా అని పాతికేళ్ళు నవ్వుకున్నారు. అతనూ కలిసి నవ్వేవాడు. చివరి రెండుసార్లూ టీ గ్లాసు చేతికిచ్చి పైకి పంపింది ఈ మేస్త్రీయే.

నిన్న డాక్టరమ్మ అతన్ని గదిలో అటూ ఇటూ నడిపించింది. బొటనవేలికి చూపుడువేలు తాకిస్తూ ఉండమంది. కుడిచేతి వేళ్ళు నాలుగుసార్లు తాకి బద్ధకించాయి.

"ఎప్పుడైనా పడ్డారా? తలకు దెబ్బ తగిలిందా?"

"లేదండీ" అన్నాడు. అబద్ధం చెబుతున్నానని అతనికి తోచనైనా తోచలేదు.

"ఎందుకు అడుగుతున్నానంటే, వయసులో తగిలిన దెబ్బలు కొందరికి ఎన్నో ఏళ్ళ తర్వాత నడకలో బయటపడతాయి."

పక్క కుర్చీలో ఉన్న మేస్త్రీ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

బడికి సెలవులు. మెట్ల గోడ రెండంతస్తుల ఎత్తున సగం తెల్లగా, సగం మాసిపోయి ఉంది. గేటు నుంచి మెట్ల దాకా ముప్పై అడుగులు నడవడానికి అతనికి చాలా సేపు పట్టింది. నిచ్చెన మీద కాలు పెట్టాడో లేదో ఆ కాళ్ళు ఎవరో కుర్రాడివి అన్నట్టు చురుగ్గా మారిపోయాయి. కంటి ముందు మెట్టు ఉంటే కాలికి దారి తెలుస్తుంది. చదునైన నేల మీదే వచ్చిన చిక్కంతా. నిచ్చెన కూడా పోతే తన ఒంటిని తాను నడిపించుకునే చోటు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదని అతనికి తెలుసు. పని మానుకోమని ఎవరు చెప్పినా చెవిన పెట్టకపోవడానికి కారణం అదే. అది పైకి చెప్పుకోవాలంటే సిగ్గు.

ఆ రోజు మేస్త్రీ వేరే గదుల వైపు పోలేదు. పొద్దుటి నుంచీ నిచ్చెన కింద నిలబడి రెండు చేతులా పట్టుకున్నాడు. మేస్త్రీలు చేసే పని కాదది. మామ అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

నాలుగు గంటలకు పై మూల ఒక్కటే మిగిలింది. అతను కుడివైపు వంగాడు. వంగిన ఒళ్ళు తిరిగి నిటారు కాలేదు. వెనక్కి వాలిపోతోందని తెలుస్తూనే ఉంది గానీ చెయ్యి మాట వినలేదు. నిచ్చెన గోడకు టక్కున కొట్టుకుంది. ఎలాగో ఎడమ మోచెయ్యి మెట్టుకు తగిలించి నిలదొక్కుకున్నాడు.

"బావా, దిగు" అన్నాడు కింద నుంచి మేస్త్రీ.

పనిలో ఆ పిలుపు అదే మొదటిసారి.

"ఇంకో బారెడే ఉంది."

"నువ్వు పడ్డావు బావా. మూడుసార్లు తలకు తగిలింది. నిన్న ఆవిడ అడిగితే నేను నోరు మూసుకు కూర్చున్నాను."

"మళ్ళీ ఎక్కానుగా."

"నేనే ఎక్కించాను. ఎక్కించకుండా ఉండాల్సింది."

అతను చేతిలోని బ్రష్ పైమెట్టు మీద పెట్టాడు. తర్వాత అతను ఒక్కో మెట్టూ దిగాడు. ఆఖరి మెట్టు మీద ఆగి, కింద పరుచుకుని ఉన్న చదును నేలను చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేపితే అది సగందాకానే వచ్చింది.

"రేపు ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం. సినిమా హాలు సంగతి నువ్వే చెప్పు బామ్మర్దీ. నాకేం గుర్తులేదు. నువ్వు చెబితే విన్నదే."

మేస్త్రీ తన భుజం ఆసరా ఇచ్చి గేటు దాకా నడిపించాడు. పనివాడొకడు స్కూటరు మీద అతన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత అతను మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆ సాయంత్రమే మిగిలిన బారెడు తనే వేద్దామని మేస్త్రీ నిచ్చెన ఎక్కాడు. పైమెట్టు మీద బావ వదిలేసిన బ్రష్ ఉంది. బిగుసుకున్న వేళ్ళకు పట్టు దొరికేలా దాని పిడికి మెత్తటి పాత గుడ్డ లావుగా చుట్టి ఉంది. మణికట్టుకు తొడుక్కోవడానికి ఒక పట్టీ కూడా ఉంది. కింద నుంచి కనబడకుండా అంతా తెల్ల గుడ్డతోనే చేశారు. ఆ దగ్గర దగ్గర కుట్టు అక్కదని అతనికి చూడగానే తెలిసింది. బ్రష్ ఇంకా తడిగా ఉంది, చెమటకు నలిగిన ఆ పట్టీ బావ మణికట్టు కొలతకే గుండ్రంగా నిలిచి ఉంది.