మంచులో మందను దాటినవాడు

తూలూజ్ నగరంలోని ఓ పత్రికలో లిజెట్ కాబ్రోల్ ఆఖరి పేజీ కార్టూన్లు వేసేది. ఆ జూలైలో పిరెనీస్ కొండల్లో సైకిల్ పందేనికి ఆమెను పంపుతూ, "జనం టోపీలూ, పొట్టలూ గీసుకురా చాలు. వార్త సంగతి అషీల్ చూసుకుంటాడు," అన్నాడు ఎడిటర్ ఫెర్నాన్.

అషీల్ ఫొటోగ్రాఫరు. అతని మోటారుసైకిల్ వెనక కూర్చుని కొండెక్కింది లిజెట్. పైకి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. అషీల్ కెమెరాలోంచి చూసి, "తెల్లగోడని ఫొటో తీసినట్టుంది!" అని తిట్టుకున్నాడు.

అంతలో గంటల చప్పుడు. రోడ్డుకడ్డంగా ఆవుల మంద! ముందున్న వీరులంతా సైకిళ్లు దిగి తోశారు, అరిచారు, బతిమాలారు. ఆవులు తాపీగా నెమరేస్తున్నాయి. లిజెట్ మందలోకే దూరి, ఇరుక్కున్నవాళ్ల ఒక్కొక్క మొహాన్నీ దగ్గర్నుంచి చూస్తూ గబగబా గీసేస్తోంది.

అప్పుడొచ్చాడు బ్లెజ్ రుకెట్. పందెంలో అందరికన్నా వెనకబడ్డవాడు, ఓవెర్న్ పల్లెల్లో పశువులు కాసి పెరిగినవాడు. నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఈల వేశాడు. ఆవులు తలలెత్తి పక్కకి జరిగాయి. అతను ఆ సందులోంచి దూసుకుపోయాడు. అతని వెనకే మంద మళ్లీ మూసుకుపోయింది!

ఆ రోజు గెలుపు బ్లెజ్‌దే. సాయంత్రం ఆఫీసులో అషీల్ ఫిల్ము కడిగితే అంతా తెలుపే. మందలో ఇరుక్కున్న వీరులూ, మధ్యలోంచి దూసుకుపోతున్న బ్లెజ్ ఉన్న తన బొమ్మని లిజెట్ ఫెర్నాన్ ముందు పెట్టింది.

"మొదటి పేజీలో కార్టూనా? జనం నవ్వుతారమ్మాయ్!"

"నవ్వనివ్వండి సార్! అక్కడ జరిగింది అదే మరి."

ఫెర్నాన్ బొమ్మ మీదికి వంగాడు. "ఈ గెడ్డం... పందెంలో ఆ బెల్జియం వాడిదేగా? ఆవు తోక నోట్లోకి పోయిందే పాపం!" పకపకా నవ్వి, గది దద్దరిల్లేలా అరిచాడు: "మొదటి పేజీ ఖాళీ చెయ్యండోయ్!"

మర్నాడు పొద్దున్న పందెం మొదలయ్యే చోటికి పత్రిక పట్టుకుని వచ్చాడు బ్లెజ్.

"ఏమండీ, ఆవు నాకన్నా అందంగా ఉందేంటి?"

"దాని ముక్కు తిన్నగా ఉంది మరి!"

పెద్దగా నవ్వాడు. తర్వాత పేజీని జాగ్రత్తగా మడిచి చొక్కాలో దాచుకున్నాడు. "మా అమ్మకి చదువు రాదండీ. ఇది చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు."

ఈలోగా జెండా ఊపారు. ఆమె ఒక్క గెంతున అషీల్ వెనకెక్కింది.

"పోనియ్యవయ్యా బాబూ, అతను వెళ్లిపోతున్నాడు!"