ముట్టుకోమన్న రోజు

కుక్కర్ కూత పెట్టేలోపు షెడ్డులోని పాత కరెంటు ఆర్గాన్‌కి నూనె పట్టాలి. అదీ వంటలాంటి పనే. చేసినన్నాళ్లూ ఎవరికీ కనపడదు, మానేస్తే మాత్రం అరుపులు. వెనక చెక్క తీస్తే లోపల రెండు చిన్న గరాటాలుంటాయి. వాటిలో పల్చటి నూనె పోస్తే నూలుపోగుల వెంట మెల్లగా పాకి, వరసగా ఉన్న ఇనుప చక్రాల ఇరుసులకి చేరుతుంది. ఆ చక్రాలు తిరిగితేనే స్వరం పుడుతుంది. సెల్‌ఫోన్ పళ్లతో కరిచి పట్టుకుని, ఆ వెలుగులో నూనె పోస్తుంటే వసారాలోంచి మా ఆయన ధనుంజయ మాటలు వినిపించాయి.

"అంతా నా సేత్తో సేసిందే సార్. పెతి వైరూ నానే కలిపినాను. రేపు మద్దేన్నం వచ్చీండి, వాయించి సూపిత్తాను. వ్యాను కూడా మాటాడీసినాను. సాయంత్రానికి విశాఖలో మీ హోటల్లో ఉంటాది. అవును సార్, ఆ పెద్దదే. తిరిగే స్పీకరున్నది."

నూనె గరాటా దాటి నా చీర మీద పడింది.

ఆ పెద్దది నాది. టెక్కలిలో ఒకప్పటి ఆర్కెస్ట్రా పార్టీ వాళ్ల గొడౌన్లో దాన్ని చూసినప్పుడు మా ఆయన కూడా మొహం తిప్పుకున్నాడు. చెక్క ఉబ్బిపోయింది. మీటలు సగం లోపలికి కూరుకుపోయాయి. దాని స్పీకరు బీరువా అంత చెక్కపెట్టె. లోపల పైన ఒక కొమ్ము, కింద ఒక డ్రమ్ము తిరుగుతుంటే స్వరం దగ్గరికొచ్చి దూరమవుతూ, గాలికి ఊగినట్టు ఉంటుంది. ఆ కొమ్ములో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. అప్పటికి నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచర్ని. ఇంట్లో అప్పటికే ఉన్న నాలుగు పాత ఆర్గాన్లకి ఆదివారాలు టంకం పెట్టేదీ నేనే. ఫోన్లో వీడియోలు చూసి, వేళ్లు కాల్చుకుంటూ నేర్చుకున్నాను. "ఉద్యోగం మానీయే. ఇంటికాడుండి నాకు సాయం సేయి. ఆ పెద్దది బాగుసేసుకో, అది నీదే," అన్నాడు. మానేశాను. ఆ గూడు పుల్లతో కొంచెం కొంచెంగా గీరి తీశాను. ఉబ్బిన చెక్కని ఎండకీ నీడకీ మార్చి మార్చి దారికి తెచ్చాను. చుట్టాలూ యూట్యూబు వాళ్లూ వస్తే నేను టీలు తేవాలి, నేను అతికించిన తీగలు చూపిస్తూ ఆయన మాట్లాడాలి. ఎప్పుడైనా నోరు జారి నేనో ముక్క చెబితే, "మా యావిడకి కూడా కొంచెం ఇంట్రస్టు సార్," అనేవాడు. ఒక్కో మీటా నొక్కి సరిచూడటం వరకే నాకు అనుమతి. పాట ఎత్తుకుంటే చాలు, మా అత్త వరహాలమ్మ వంటింట్లోంచే కేకేసేది. "రికార్డింగు డాన్సు కొంప అనుకుంతారే. కట్టీ ఆ పెట్టె."

ఫోన్ పెట్టేసి ఆయన షెడ్డులోకి వచ్చాడు. ఒకప్పుడు జీడిపిక్కలు ఆరబోసుకున్న షెడ్డు అది. ఇప్పుడు మా ఆయన దాన్ని మ్యూజియం అంటాడు.

"ఏ పెట్టె బావా?" అన్నాను.

"ఇన్నావు కదేటి, మళ్లీ అడుగుతావేటి. కింద డ్రమ్ము రాసుకుంతన్నాది, రేపటికి అది సూసీ. పై వరసలో రెండు మీటలు పలకట్లేదు."

"అది నాదన్నావు."

"నీదీ నాదీ ఏటే మన మజ్జిన? భాస్కరరావు గారు హోటల్లో ఎట్టి, దాని కింద ఇత్తడి పలక మీద నా పేరేయిత్తానన్నారు. ఈ ఉద్దానంలో ఎవుడికుంది అలాటి పేరు?"

"మరి నా పేరో?"

నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి. "నీ పేరు సూసి ఎవులు కొంతారే?"

నూనె చేతుల్ని చీరకి తుడుచుకుని, ఆర్గాన్ నుంచి రెండడుగులు వెనక్కి జరిగాను.

"రేపు నాకు కుదరదు బావా. బయటున్నాను."

"ఎప్పుట్నుంచే?"

"ఇప్పుడే."

అబద్ధం. నాకు ముట్లాగిపోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నెలనెలా మూడ్రోజులు పెరటి వసారాలో చాప వేసుకుని కూర్చోవడం నేను మానలేదు మరి. ముట్టుతో షెడ్డు గుమ్మం దాటకూడదన్నది అత్త పెట్టిన కట్టుబాటు. అక్కడ సరస్వతి పటం ఉంది. వాయిద్యాలు ఆ తల్లి సొమ్ము. ఆ మూడ్రోజులూ నాకు వేరే కంచం, వేరే గ్లాసు. పెళ్లైన కొత్తలో తెలియక ఓ హార్మోనియం పెట్టె పక్కకి జరిపితే, "సదువుకున్నాదన్నారు, బుద్ధి నేర్పలేదేటి మీయమ్మ?" అని వీధికి వినపడేలా అరిచి, ఇల్లంతా నాచేతే కడిగించింది.

తిత్లీ తుఫాను రోజున మాత్రం ఆ కట్టుబాటు ఎటు పోయిందో తెలియదు. అప్పుడు నిజంగానే బయటున్నాను. గాలికి రేకులు లేచిపోయి షెడ్డులోకి నీళ్లొస్తుంటే, "సూత్తావేటే, ఎత్తు," అని తల్లీ కొడుకూ ఒకేసారి అరిచారు. నాలుగు పెట్టెలూ మంచాల మీదికి ఎక్కేదాకా ఇద్దరికీ మైల గుర్తు రాలేదు. గాలి తగ్గాక అత్త చెంబుతో పసుపునీళ్లు తెచ్చి ఒక్కో పెట్టె మీదా చల్లింది. నడుం పట్టేసి, తడిబట్టలతో పెరట్లో నిలబడి చూశాను. ఏ చేతులతో వాటిని కాపాడానో ఆ చేతుల మైల కడుగుతోంది. ఆ పూట మిగిలిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టుకునే హడావుడిలో నాకు అన్నం పెట్టడం కూడా మరిచిపోయారు.

ఇప్పుడు అదే పెరట్లో చాప వేసుకుని రాజకుమారి మేడంకి ఫోన్ చేశాను. మా బడి హెడ్మిస్ట్రెస్. నేను మానేశాక కూడా కనపడినప్పుడల్లా ఎప్పుడొస్తావనే అడిగేది.

"మేడం, సంగీతం గది ఖాళీగానే ఉందా?"

"విరిగిన బెంచీలు పడేశాం. నువ్వొస్తానంటే ఇవాళే తీయించేస్తాను. పైన గది కూడా ఉంది, ఉంటావా?"

"ఉంటాను. నాతో పాటు ఒక పెద్ద పెట్టె రావాలి మేడం. ఎలా తెస్తానో మాత్రం ఇంకా తెలీదు."

"ముందు నువ్వు రా తల్లీ," అంది.

నేనొక్కదాన్నీ వెళ్లడం పెద్ద పని కాదు, బస్సెక్కితే చాలు. ఆ పెట్టెని వీళ్లకి వదిలి వెళ్లాలంటేనే కడుపు మండింది. ప్రాణం పోసింది నేను. ఎవరి లాబీలోనో ఎవరి పేరు కిందో అది నిలబడటమా?

మర్నాడు పొద్దుట్నుంచీ షెడ్డులో స్క్రూడ్రైవర్ చప్పుడు, మధ్యమధ్య మా ఆయన తిట్లు. మధ్యాహ్నానికి భాస్కరరావు గారి కారు వచ్చింది. వెనకే పలాస నుంచి అసిరయ్య వ్యాను, తాళ్లతో ఇద్దరు మనుషులు. షెడ్డుకి పెరటి వైపున్న కిటికీలోంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి.

ఆ ఆర్గాన్‌కి రెండు స్విచ్చులు. మొదటిది నొక్కి పట్టుకుని, చక్రాల రొద నిలకడకొచ్చాక రెండోది వేయాలి. మా ఆయన రెండోది వేశాడు. ఏమీ లేదు. తీసి మళ్లీ వేశాడు. ఇన్నేళ్లుగా ఆయన నిలబడిందంతా నేను ఆన్ చేసి ఉంచిన పెట్టెల ముందే.

"మొత్తం మీరే బాగు చేశానన్నారు?" అన్నారు భాస్కరరావు గారు.

"వోల్టేజీ లేద్సార్. టీ తాగండి, ఈలోపు వచ్చీత్తాది."

ఆ టీ పెట్టడానికి కూడా నేను లేను. మా ఆయన గబగబా పెరట్లోకి వచ్చాడు, వెనకే అత్త.

"ఒక్క పాలి వచ్చి ఆన్ సేసీ. ఆయన ఎల్లిపోతానంతన్నారు."

"బయటున్నాను బావా. సరస్వతి."

"పర్లేదే, ముట్టుకో. ఈ రోజుల్లో కూడా అవన్నీ ఏటి?"

ఈ రోజుల్లో. పోయిన నెల కూడా ఇవే రోజులు. అప్పుడు ఇదే మనిషి గుమ్మం బయట నుంచి నాకు కంచం కాలితో తోశాడు.

అత్త వైపు చూశాను. "నువ్వు సెప్పు అత్తా. ముట్టొచ్చా?"

"పెద్దదాన్ని నాను సెప్తన్నాను. పసుపునీళ్లు సల్లీసుకుందుం. ఎల్లు."

"ఇకనుంచి ఎప్పుడూనా, ఈ పూటకేనా?"

"ఈ పూటకే," అంది, అడగడానికి ఇంతకన్నా తెలివితక్కువ మాట లేదన్నట్టు.

అంతే. నన్ను ఇన్నేళ్లు చాప మీద కూర్చోబెట్టింది ఏ దేవతో అనుకున్నాను. కాదు, అవసరం. వాళ్లకి అవసరం లేనప్పుడు నేను మైల, అవసరమైన పూట పనిమనిషి.

షెడ్డులోకి వెళ్లాను. డ్రమ్ము రాసుకోకుండా కింద బిళ్ల సర్ది, పలకని మీటల అడుగున స్పిరిట్ గుడ్డ పెట్టి తుడిచాను. మొదటి స్విచ్చు నొక్కి పట్టుకున్నాను. చక్రాలు లేచాయి. రెండోది వేశాను. స్పీకర్లో కొమ్ము మెల్లగా కదిలి ఊపందుకుంది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, బడిలో పిల్లలకి నేర్పిన పాట ఎత్తుకున్నాను. గుమ్మం దగ్గర అత్త "కట్టీ" అనబోయి కొనుగోలుదారుని చూసి మింగేసింది. మొత్తం పాట వాయించాను. ఆ ఇంట్లో నేను పూర్తి చేసిన మొదటి పాట.

"మీకు ఇంత వచ్చని ధనుంజయ గారు చెప్పలేదమ్మా," అన్నారు భాస్కరరావు గారు.

"ఆయన చెప్పనివి చాలా ఉన్నాయి సార్. దీన్ని బాగు చేసింది నేను. ఉద్యోగం మానితే ఇది నాదే అన్నాడు, మానేశాను. అవునా కాదా బావా?"

మా ఆయన నేల చూశాడు.

భాస్కరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో తగువున్న వస్తువు నాకొద్దండీ. ముందు మీరూ మీరూ తేల్చుకోండి," అని కారెక్కారు.

కారు రోడ్డెక్కేసరికి అత్త ఊగిపోతోంది. "శని. ముట్టుతో ఎల్లి సరస్వతి మీద కూకున్నాది. బేరం సెడక ఏటవుద్ది?"

"నువ్వే కూకోమన్నావు అత్తా."

"నానన్నాను గాని ఆ తల్లి ఊరుకుంటాదేటి? మైల పడిపోనాది పెట్టె. నా గుమ్మంలో ఉండడానికి లేదు. ఒరే అసిరయ్యా, తీసీండ్రా దాన్ని బయటికి."

"అమ్మా, అది ఎంత..." అన్నాడు మా ఆయన.

"నువ్వు నోర్ముయ్యి. ఇంటికి అరిష్టం. తీసీండి."

ఆమె ఆ మాట అంటుందని నేను ఊహించలేదు. అన్నాక మాత్రం నేల మీద పడనివ్వలేదు.

"ఇన్నావు కదా అసిరయ్యా, ఎత్తించు. స్పీకరు నిలువుగానే ఉంచాలి, జాగర్త."

"ఎక్కడికమ్మా?"

"కాశీబుగ్గ. రాజకుమారి మేడం బడి."

మా ఆయన అడ్డం రాబోయాడు. తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది, మైల పెట్టెని ముట్టుకుంటాడేమోనని. ఆర్గాన్ ఎక్కింది, స్పీకరు ఎక్కింది. నా టంకం కర్ర, నూనె సీసా, నాలుగు చీరలు సంచిలో వేసుకుని నేనూ వెనక ఎక్కి, స్పీకరు ఊగకుండా వీపు ఆనించి కూర్చున్నాను. అత్త అప్పటికే పెట్టె ఉన్న చోట పసుపునీళ్లు చల్లుతోంది.

"ఆ నీళ్లు దండగ అత్తా," అన్నాను. "నాకు ముట్లాగిపోయి ఏడాది దాటింది."

చెంబు గాలిలోనే ఆగిపోయింది. మా ఆయన వ్యాను తలుపు రెక్క పట్టుకున్నాడు.

"ఏడాదా? మరి నెలనెలా పెరట్లో ఎందుకు కూకున్నావే?"

"పని లేకుండా కూర్చోడానికి మీ ఇంట్లో నాకు ఇంకో దారి లేదు బావా," అన్నాను. "పద అసిరయ్యా."