కుట్టుకో ముడి

ఆమె మొన్నమొన్నటిదాకా బట్టలు కుట్టిన మనిషి. సూదిలో దారం ఎక్కించే చూపు తగ్గాక, వదినే చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ కంప్యూటర్ల ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆ వదిన ఆసుపత్రిలో నర్సుగా చేసి, మోకాళ్ళు మొరాయించాక ఇక్కడ చేరింది.

పనేమిటంటే, షుగరు రోగుల కాళ్ళ పుళ్ళ ఫొటోలు వస్తాయి. ఆడపడుచు తెర మీద పుండు చుట్టూ గీత గీస్తుంది. అది ఏ రకమో వదిన చూసి పేరు పెడుతుంది. అలా పేర్లు పెట్టిన ఫొటోలు చూసి చూసి, రేపు మిషను తనంతట తానే పుండును గుర్తుపడుతుందట.

అందరూ చేయిపెట్టేది ఒకే దస్త్రంలో. అందుకని నేర్పే మేడం గీతల కంటే ముందు, మార్పుల్ని దాచడం నేర్పింది. ఒక మార్పు చెయ్యాలి, ఏం చేశామో ఎందుకు చేశామో ఓ ముక్క రాయాలి, భద్రం చెయ్యాలి. దాని పేరు కమిట్. మిగతావాళ్ళు పొద్దంతా పనిచేసి, సాయంత్రం అంతా కలిపి మూటగట్టి ‘మార్పులు’ అని రాసి పడేసేవారు. ఈమెకది చేతకాలేదు. కుట్టు ఆగిన చోటల్లా ముడేసి దారం తెంపిన చెయ్యి మరి. అరచేతంత పనికీ ఒక కమిట్, దానికి చాంతాడంత రాత. పక్క సీటాయన ఆమెకి ముడులక్క అని పేరు పెట్టేశాడు.

ఆ ముడులక్కే ఓ రోజు కొంప ముంచింది. పేర్లలో ‘ఎర్ర అంచు’, ‘గులాబి అంచు’ అని రెండు కనిపించాయి. గుడ్డ ఒకటే అయినా ఎండలో ఒక రంగు, దీపం కింద ఒక రంగు కనపడటం ఆమె ఎరగనిదా? ఫొటోల్లో వెలుగు తేడా అనుకుని రెంటినీ కలిపి ఎర్ర అంచు చేసేసింది. ఆ తర్వాత అందరి పనీ దాని మీదే సాగింది.

ఫొటోలు అప్పజెప్పాల్సిన రోజు పొద్దున వదిన సరిచూద్దామని తెరిచింది. గులాబి అన్నమాటే లేదు. ఆడపడుచును పిలిచి తెర చూపించింది.

“గులాబి అంచంటే కొత్త చర్మం పుడుతోందనే. అది మానే పుండు. ఎర్రంచుది ముదిరే పుండు. అన్నీ ఎరుపేనంటే, మానే కాలు ఏదో, తీసెయ్యాల్సిన కాలు ఏదో మిషనుకెలా తెలుస్తుందే?”

ముడులక్కకి తన తప్పు అర్థమైంది. వదిన అన్ని నెలలు కళ్ళు చిట్లించి ఏరిన పని, తన చేత్తోనే కలిసిపోయింది. సాయంత్రంలోగా మళ్ళీ ఏరడం ఎవరి తరం? పోనీ దస్త్రాన్ని పాత రోజుకి వెనక్కి తిప్పుదామంటే, ఆ తర్వాత అందరూ గీసిన గీతలూ పోతాయేమో. మేడం దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మేడం పాత కమిట్ల వరస తెరిచింది. మార్పులు, మార్పులు, మళ్ళీ మార్పులు. వాటి నడుమ ఒక చాంతాడు. మేడం పైకే చదివింది.

“గులాబి అంచును ఎర్ర అంచులో కలిపాను. వెలుగు తేడా అనుకుంటున్నాను. తప్పయితే వదిన చెప్పాలి.”

పక్క సీటాయన కిసుక్కుమన్నాడు. మేడం నవ్వలేదు. ఇది మూటలో ఉండుంటే మిగతా పనీ దానితో పోయేదనీ, ఒక్కటే విడిగా ఉంది కాబట్టి ముడి విప్పితే చాలనీ చెప్పింది. ఏదో నొక్కింది. తెర మీద గులాబి పేరు మళ్ళీ తేలింది. మిగతావాళ్ళ గీతలు చెక్కు చెదరలేదు. కలిపేశాక వచ్చిన గుప్పెడు కొత్త ఫొటోలకి వదిన ఇంకా పేర్లు పెట్టలేదు, ఆ పని మాత్రం మిగిలింది.

ముడులక్క తన కుర్చీ వదిన పక్కకి జరుపుకుంది.

“ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు పూర్తి మొగుడివే అయిపోయావు. నన్నడక్కుండా కలిపేస్తావా?” అంది వదిన. గొంతులో కోపం లేదు.

“అడిగాను వదినా. అందులో రాశాను కదా. నువ్వే చదవలేదు.”

వదిన కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, కొత్త ఫొటోలు తెరిచింది.

గుప్పెడు ఫొటోలూ మధ్యాహ్నానికల్లా తేలిపోయాయి. ముడులక్క కొత్త కమిట్ రాసింది. రంగులు రెండూ వేరేననీ, వేరని వదిన చెప్పిందనీ, కొత్త ఫొటోలకి పేర్లు పెట్టామనీ రాసింది. నొక్కబోయి ఆగి, తెరను వదిన వైపు తిప్పింది.

వదిన చివరి అక్షరం దాకా చదివింది.

“నొక్కు” అంది.