బూరె ఎడమ చెవి

మార్చి పదిహేను, శనివారం సాయంత్రం ఆరు దాటాక అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒక ఇంట్లో కుక్క నాలుగేళ్ల పిల్లాడి చేతిని కరిచింది.

పిల్లాడి పేరు ఆరుష్. కుక్క పేరు బూరె. కాకర్ స్పానియల్, ఆడది, ఐదేళ్లు. ఇల్లు గోపాల్, గిరిజలది. ఆ సాయంత్రం అక్కడ నాలుగు కుటుంబాలు భోజనానికి చేరాయి. పెద్దలు వంటగదిలో ఉన్నారు, పిల్లలు హాల్లో ఉన్నారు. బూరె సోఫా పక్కన పడుకుంది. ఆరుష్ దాని దగ్గర కూర్చున్నాడు. అరుపు విని పెద్దలు వచ్చేసరికి పిల్లాడి కుడిచేతి మీద రెండు పంటి గాట్లు ఉన్నాయి. ఒకదాంట్లోంచి రక్తం వస్తోంది. బూరె డైనింగ్ టేబుల్ కిందికి పోయి గోడకి ఆనుకుంది.

కుట్లు పడలేదు. అర్జెంట్ కేర్‌లో గాయం కడిగి కట్టు కట్టారు, మందు రాసిచ్చారు. కుక్క కాటు కాబట్టి కౌంటీ అధికారులకి తెలియజేశారు. బూరెకి రేబిస్ టీకా వేయించే ఉంది. అందువల్ల పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించమని, బయటివాళ్ల దగ్గరికి వదలొద్దని కౌంటీ నుంచి ఫోన్ వచ్చింది.

గోపాల్ మర్నాటికల్లా నిర్ణయం తీసుకున్నాడు. దిక్కులేని కుక్కల్ని ఇళ్లకి ఇచ్చే రెస్క్యూ సంస్థకి ఫోన్ చేశాడు. మూడేళ్ల కిందట బూరెని తెచ్చుకున్నది అక్కడే. గడువు ముగిశాక, ఇరవై తొమ్మిదో తేదీ శనివారం, తెచ్చి అప్పగించమన్నారు. మనిషిని కరిచిన కుక్కని పిల్లలున్న ఇళ్లకి ఇవ్వబోమని కూడా చెప్పారు. పిల్లలు లేని ఇల్లు ఎప్పుడు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో చెప్పలేమన్నారు. గోపాల్ ఈ మాట ఇంట్లో దాచలేదు.

వేద వాళ్ల కూతురు. పదమూడేళ్లు. బూరె పడుకునేది వేద మంచం మీదే.

"నాన్నా, షీ నెవర్ డిడ్ దట్ బిఫోర్," అంది వేద. "దానికేదో అయ్యింది."

"అయింది ఆరుష్‌కి," అన్నాడు గోపాల్.

వేద ఆ వారమంతా తండ్రితో మాట్లాడలేదు. కంచం పట్టుకుని పైకి వెళ్లి తినేది. బూరె ఆమె వెనకే మెట్లెక్కేది.

గోపాల్‌కి కుక్కంటే గిట్టదని చెప్పడానికి లేదు. జనవరిలో, బూరెకి స్నానం చేయించి జుట్టు కత్తిరించే గ్రూమర్ దుకాణం మూసేశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం బూరెకి తలంటి పోసేది గోపాలే. తెనాలిలో చిన్నప్పుడు తనకి ఎలా పోసేవారో అలాగే పోసేవాడు. ముందు తలకి, చెవులకి కొబ్బరి నూనె పట్టించి కాసేపు నాననిచ్చేవాడు. తర్వాత బాత్‌టబ్‌లో నిలబెట్టి, స్టీలు చెంబుతో నడినెత్తి మీంచి గోరువెచ్చని నీళ్లు పోసేవాడు. ఆపైన షాంపూ, మళ్లీ నీళ్లు, తువ్వాలు. చివర సాంబ్రాణి. మొదటిసారి సాంబ్రాణి ఇంట్లో వేస్తే స్మోక్ అలారం మోగింది. రెండోవారం నుంచి సాంబ్రాణి ఇంటి వెనక ప్యాటియోలోకి మారింది.

ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. ఫిబ్రవరి చివర్నుంచి హాల్లో పులిసిన వాసన వస్తోంది. దోసెల పిండి వాసన అనుకుంది గిరిజ. ఒకసారి పిండంతా పారబోసింది. గ్రైండర్ విప్పి రాళ్లు వెనిగర్‌తో కడిగింది. చివరికి పిండి డబ్బాని గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్‌లో పెట్టింది. వాసన పోలేదు. భోజనాల రోజున హాల్లో సెంటు కొవ్వొత్తులు వెలిగించింది.

ఆరుష్ తల్లి పేరు శ్రీవల్లి. ఊరు వరంగల్. ఇక్కడ ఒక పేమెంట్స్ కంపెనీలో టెస్టర్. కరిచిన మర్నాటి నుంచి ఆమె గిరిజకి ఫోన్ చేస్తూ ఉంది. గిరిజకి ముఖం చెల్లక ఎత్తలేదు. సారీ అని మెసేజ్‌లు మాత్రం పెట్టింది. ఇరవై మూడో తేదీ ఆదివారం పొద్దున శ్రీవల్లి ఆరుష్‌ని తండ్రి దగ్గర ఉంచి, తానే వచ్చి తలుపు కొట్టింది. భోజనాల రాత్రి గిరిజ కూర పెట్టిచ్చిన స్టీలు డబ్బా ఆమె చేతిలో ఉంది. దాన్నిండా సకినాలు ఉన్నాయి.

"ఫోన్ ఎత్తకపోతే ఇంటికే వస్త గదా గిరిజక్కా," అంది.

గిరిజ డబ్బా అందుకుని ఏడ్చింది. శ్రీవల్లి ఆమెని కూర్చోబెట్టింది.

అప్పుడే గోపాల్ మేడ మీంచి దిగాడు. చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో తువ్వాలు. వెనక వేద బూరెని లీష్‌తో పట్టుకుని ఉంది. శ్రీవల్లిని చూసి గోపాల్ మెట్ల మీదే ఆగిపోయాడు. క్షమించమని మళ్లీ అడిగాడు. శనివారం కుక్కని పంపించేస్తున్నామని చెప్పాడు.

శ్రీవల్లి చెంబు వైపు చూసింది. "పంపించే కుక్కకి తలంటా?"

"ఆదివారం కదండీ," అన్నాడు గోపాల్.

"ఆ నూనేదో మీరు పెట్టుకునుంటే నాలుగు వెంట్రుకలు మిగిలేవి గోపాల్ గారూ."

గిరిజ నవ్వింది. ఆ వారంలో తాను నవ్వడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

వేద బూరెని హాల్లో ఆ చివర, శ్రీవల్లికి దూరంగా కూర్చోబెట్టింది. బూరె తల విదిల్చింది. చెవులు రెండూ బుగ్గలకి కొట్టుకున్నాయి. మళ్లీ విదిల్చింది. ఎడమ బుగ్గని కార్పెట్‌కి ఆనించి ముందుకి జరిగింది. వెనక కాలితో ఎడమ చెవి దగ్గర గోక్కోబోయి, సన్నగా మూలిగి ఆపేసింది. ఒళ్లు తడిగా ఉంది కదా, అందుకే విదిలిస్తోందని గిరిజ అంది. ప్రతి ఆదివారం ఇంతేనట.

శ్రీవల్లి టీ తాగుతూ బూరెనే చూసింది. టీ అయ్యేసరికి బూరె వెంట్రుకలు చాలావరకు ఆరాయి. విదిలించడం ఆగలేదు. కూర్చున్నప్పుడు తల ఎడమ పక్కకి ఒరిగే ఉంది.

స్నానం చేయించని రోజుల్లో కూడా ఇలా చేస్తుందా అని వేదని అడిగింది. చేస్తుందని వేద చెప్పింది. ఇంకేం మారిందని అడిగింది. వేద ఆలోచించి ఒక్కొక్కటీ చెప్పింది. నమిలే బొమ్మని రెండు వారాలుగా ముట్టుకోవడం లేదు. తిండి కుడి పక్కనే నములుతోంది. లీష్ కట్టేటప్పుడు మెడ వంచి తప్పించుకుంటోంది. ఇదివరకు వేద చేతికి ఎడమ చెంప ఆనించి పడుకునేది, ఇప్పుడు అటు తిరిగి పడుకుంటోంది. తన మీద అలిగిందనుకున్నానని చెప్పింది వేద.

ఆ తర్వాత శ్రీవల్లి అడిగింది వాసన గురించి.

"అదా, పిండిది," అంది గిరిజ. "చంపేస్తోంది నన్ను."

"పిండి ఏడుంది?"

"గరాజ్‌లో."

"గరాజ్‌ల ఉంటే ఈడెందుకొస్తది అక్కా?"

శ్రీవల్లి లేచి వంటగదిలోకి వెళ్లి వచ్చింది. అక్కడ వాసన లేదు. సోఫా దగ్గర నిలబడింది. అక్కడ కొంచెం ఉంది. బూరె ఉన్న వైపు నాలుగడుగులు వేసి ఆగింది. అక్కడ ఎక్కువగా ఉంది.

కుక్కని తాను ముట్టుకోలేదు. గోపాల్‌ని మెడపట్టీ పట్టుకోమంది. ముందు కుడి చెవి చూపించమని వేదకి చెప్పింది. వేద చెవి పైకి మడిచింది. లోపల లేత గులాబీ రంగు, శుభ్రంగా ఉంది. ఎడమ చెవి దగ్గరికి చెయ్యి వెళ్లగానే బూరె పళ్లు కనిపించాయి. వేద ఆగింది. చెవిని పట్టుకోకుండా, అంచు కింద వేలు పెట్టి కొద్దిగా లేపింది. అంతవరకు బూరె ఒప్పుకుంది. లోపల ఎర్రగా వాచి ఉంది. మడతల్లో కాఫీ పిప్పి లాంటి మడ్డి ఉంది. వాసన హాలంతా వచ్చింది. పులిసిన పిండి వాసనే అది.

శ్రీవల్లి ఇంటికి వీడియో కాల్ చేసింది. భర్త ఫోన్ ఆరుష్‌కి ఇచ్చాడు. కరిచిన రోజు అందరూ పిల్లాడి చెయ్యి చూశారు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టాడని ఎవరూ అడగలేదు.

"బూరెని ఏడ ముట్టుకున్నవ్ నాన్నా?"

"ఇయర్," అన్నాడు ఆరుష్. "ఇయర్‌ని ఫోల్డ్ చేశా. దోసలాగ. దెన్ ఐ ప్రెస్డ్ ఇట్."

"ఏ ఇయర్?"

ఆరుష్‌కి కుడి ఎడమలు ఇంకా రావు. కాసేపు ఆలోచించి, "సోఫా వైపుది కాదు," అన్నాడు. ఆ రోజు బూరె ఎటు తిరిగి పడుకుందో వేదకి గుర్తుంది. సోఫా వైపు ఉన్నది కుడి చెవి.

గోపాల్ వంటగదిలోకి వెళ్లాడు. గరిటెలో నువ్వుల నూనె పోసి, వెల్లుల్లి రెబ్బలు చిదిపి వేసి, స్టవ్ వెలిగించాడు. శ్రీవల్లి వెనకే వెళ్లి స్టవ్ ఆపింది.

"ఇదే నేనూ చేసిన, గోపాల్ గారూ. ఆరుష్‌కి ఏడాదప్పుడు. రాత్రిళ్లు ఏడుస్తుండె, ఒక్క పక్కకే పడుకుంటుండె, చెవి గుంజుకుంటుండె. పండ్లొస్తున్నయనుకున్న. ఆఖరికి నూనె పోసిన. డాక్టర్ చూసి, చెవి డ్రమ్ అప్పటికే చిరిగింది, నూనె లోపలికి పోయిందన్నడు. మాట రానోళ్లు ఎట్ల చెప్తరు? ఇట్లనే చెప్తరు. చూసేదాకా ఏం పొయ్యకండి."

గోపాల్ గరిటె సింక్‌లో పెట్టాడు. ఎంత నొప్పి ఉన్నా పిల్లాణ్ని కరవడం కరవడమేనని అన్నాడు.

"కాదంటున్ననా? కరిచింది నా కొడుకును," అంది శ్రీవల్లి. "ఎందుకు కరిచిందో తెల్వకుండ పంపకండి అంటున్న."

పది రోజుల గడువు ఇంకా ముగియలేదు. గోపాల్ సోమవారం పొద్దున కౌంటీకి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం వేద, అతను కలిసి బూరెని వెటర్నరీ క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్ పేరు రివేరా. బూరె మూతికి పట్టీ వేసి, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి, చెవిలోంచి దూదితో మడ్డి తీసి మైక్రోస్కోప్ కింద చూసింది. ఈస్ట్ కనిపించింది. దోసెల పిండి పొంగడానికీ ఆ జాతిదే కారణమా అని గోపాల్ అడిగాడు. అది వేరు, ఇది వేరు, కానీ వాసన విషయంలో మీ ఇంట్లోవాళ్లు పొరపడటంలో వింత లేదని ఆమె చెప్పింది. చెవి డ్రమ్ చిరగలేదని, చుక్కల మందు వెయ్యవచ్చని చెప్పింది.

స్నానం ఎలా చేయిస్తారని అడిగింది. గోపాల్ నూనె దగ్గర్నుంచి సాంబ్రాణి దాకా చెప్పాడు. డాక్టర్ మధ్యలో ఆపకుండా విని, ఒక కాగితం మీద కుక్క చెవి బొమ్మ గీసింది. గొట్టం కిందికి దిగి, అక్కడ్నుంచి లోపలికి మలుపు తిరుగుతుంది. వేలాడే చెవి దాన్ని మూసి ఉంచుతుంది. పోయిన నీరు, నూనె త్వరగా బయటికి రావు. ఇదొక్కటే కారణమని తాను అనలేనని, అలర్జీ కూడా ఉండొచ్చని, తలమీంచి నీళ్లు పొయ్యడం మాత్రం ఆపమని చెప్పింది. ఇక ముందు కరవదని రాసివ్వగలరా అని గోపాల్ అడిగాడు. ఏ కుక్క గురించీ అలా రాసివ్వనని అంది. ఆ చెవిని నొక్కితే కరవడానికి తగినంత నొప్పి ఉందని మాత్రం రాసిస్తానంది.

ఇది మొదట ఎవరు గుర్తించారని డాక్టర్ అడిగింది. కరిపించుకున్న బాబు తల్లి అని వేద చెప్పింది. డాక్టర్ పెన్ను పక్కన పెట్టి, ఆ మాట మళ్లీ చెప్పమంది.

పార్కింగ్ లాట్‌లోంచి గోపాల్ శ్రీవల్లికి ఫోన్ చేశాడు. డాక్టర్ చెప్పిందంతా చెప్పాడు. పంపాలా వద్దా అన్నది మీరే చెప్పాలి, దెబ్బ తగిలింది మీ అబ్బాయికి అన్నాడు. చెవి తగ్గాక అడగమని శ్రీవల్లి జవాబిచ్చింది. బుధవారం గోపాల్ రెస్క్యూ సంస్థకి ఫోన్ చేసి అప్పగింత వాయిదా వేయించాడు. రద్దు చెయ్యలేదు.

చుక్కల మందు రెండు పూటలా వేద వేసింది. మొదటి రోజుల్లో గోపాల్ పట్టుకోవాల్సి వచ్చింది. తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు అక్కడ మళ్లీ మొదలయ్యాయి. "పట్టుకో", "వదులు", "అయిపోయింది". వారం తిరిగేసరికి బూరె నమిలే బొమ్మని మళ్లీ నోట కరుచుకుని తిరిగింది. హాల్లో వాసన పోయింది. గిరిజ పిండి డబ్బాని వంటింటి ఫ్రిజ్‌లోకి తెచ్చుకుంది.

ఏప్రిల్ ఏడున డాక్టర్ మళ్లీ చూసింది. వాపు తగ్గింది. మైక్రోస్కోప్ కింద ఈస్ట్ కనిపించలేదు. వేద ఎడమ చెవి మడిచి చూపించినప్పుడు బూరె కదల్లేదు.

ఆ సాయంత్రం గోపాల్, గిరిజ, వేద శ్రీవల్లి ఇంటికి వెళ్లారు. శ్రీవల్లి రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఆరుష్‌ని, బూరెని పెద్దవాళ్లు లేకుండా ఒక గదిలో ఉంచకూడదు. రెండు, పడుకున్న కుక్కని ముట్టుకోకూడదని ఆరుష్‌కి వేద నేర్పాలి. ఆ రెండూ జరిగితే తనకి అభ్యంతరం లేదంది. గోపాల్ అక్కడ కూర్చునే రెస్క్యూ సంస్థకి ఫోన్ చేశాడు. అప్పగింత రద్దయినట్టు మర్నాడు ఈమెయిల్ వచ్చింది.

పన్నెండో తేదీ శనివారం ఆరుష్ ఆ ఇంటికి వచ్చాడు. వేద చెప్పినట్టు నేలమీద కూర్చుని అరచెయ్యి చాచాడు. బూరె వచ్చి వాసన చూసింది. వెళ్లి తన చోట పడుకుంది.

పదమూడు, ఆదివారం పొద్దున గోపాల్ బూరెకి నీళ్లు పోశాడు. వేద రెండు చెవుల్లోనూ పైపైన దూది పెట్టి, తలని తడిగుడ్డతో తుడిచింది. చెంబు మెడ దాటి పైకి పోలేదు.