సూర్రావు వంతు

కొల్లేటి లంకల్లో ఇద్దరు కొడుకులున్న తల్లిని ఎలా చూసుకోవాలో ఒకరు చెప్పక్కర్లేదు. వంతులు వేసుకుంటారు. ఆరు నెలలు పెద్దవాడింట్లో, ఆరు నెలలు చిన్నవాడింట్లో. కనకరత్నానికీ ఇద్దరు కొడుకులే. చిన్నవాడు ప్రేమ్‌కుమార్ జబ్బుచేసి పోయి ఐదేళ్ళు దాటింది. చిత్రమేమిటంటే, పోయినవాడి వంతు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బతికున్న పెద్దవాడు సూర్రావు వంతు మాత్రం ఒక్కసారీ రాలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, లోకంలో ఇలాంటివి జరగడం లేదా ఏమిటి!

పోయినవాడి వంతు మోస్తున్నది అతని భార్య బేబీరాణి. పిల్లలు లేరు. చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేది. అత్తగారు వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆ పని కూడా సగం మానుకుంది. లేపి కూర్చోబెట్టాలన్నా, దొడ్లోకి తీసుకెళ్ళాలన్నా, నీళ్ళు పోయాలన్నా ఆ ఒక్క మనిషే. అలాగని విసుక్కున్న పాపాన పోలేదు. ఎప్పుడైనా నోరు జారినా, ఆ వెంటనే తనే నొచ్చుకుని ఆవిడకి ఇష్టమైన కూర వండి పెట్టేది.

సూర్రావుకి తాడేపల్లిగూడెంలో చేపల మేత కొట్టుంది, మేడ ఉంది, కారు ఉంది. తల్లికి మాత్రం ఫోన్లోనే చోటు. ఎప్పుడో పండక్కీ పబ్బానికీ "ఏవమ్మా, బాగున్నావా?" అనేవాడు. అంతే! ఆ పూట ముసలావిడ ఆనందం పట్టశక్యం కాదు. "మావాడు ఫోన్ చేశాడే" అని దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి చెప్పేది. పక్కనే కూర్చుని ఆవిడ కాళ్ళకి నూనె రాస్తున్న బేబీరాణి నవ్వుకునేది. తల్లి కదా, ఉంటుంది మరి!

ఇంతలో బేబీరాణికే ఒంట్లో బాగులేకుండా పోయింది. నెలలో సగం రోజులు రక్తం పోవడం, కళ్ళు తిరగడం. ఏలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "గర్భసంచి తీసెయ్యాలమ్మా. ఇంకా నాన్చావంటే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషనయ్యాక రెండు నెలలపాటు బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదు" అంది. బిందే ఎత్తకూడదంటే మరి అత్తగారిని ఎత్తేదెవరు?

బావగారికి ఫోన్ చేసింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు సూర్రావు. తోటికోడలు శ్రీదుర్గకి చేసింది. "మా ఇంట్లో అన్నీ మెట్లే కదా బేబీ, అత్తయ్యగారికి కష్టం" అంది. ఎంత జాలో! మళ్ళీ మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తడమే మానేశారు.

అప్పుడు చెప్పింది గ్రామ సచివాలయంలో పనిచేసే వీరదుర్గ. "పెద్దవాళ్ళని చూడని పిల్లల మీద చట్టం ఉందండీ. మామ్మగారి పేరు మీద దరఖాస్తు పెడితే ఏలూరులో ఆఫీసరుగారు అందర్నీ పిలిచి మాట్లాడతారు. లాయర్లు అక్కర్లేదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవచ్చు" అంది. బేబీరాణి జంకింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. అత్తగారినే అడిగింది. "అత్తా, నీకిష్టం లేకపోతే వద్దు. కానీ నీ పెద్దకొడుకు తన వంతు రెండు నెలలు చూస్తే చాలు, నేను ఆపరేషన్ చేయించుకుని వచ్చి మళ్ళీ నిన్ను తెచ్చుకుంటాను."

"పెట్టవే, పెట్టు. అలాగైనా వాడు నా మొహం చూస్తాడు" అంది కనకరత్నం. దరఖాస్తులో ఉన్నదంతా వీరదుర్గ చదివి వినిపిస్తే తలూపి మరీ వేలిముద్ర వేసింది.

పిలిచిన రోజున బేబీరాణి అత్తగారికి తలంటి, ఉతికిన చీర కట్టి, ఆటో మాట్లాడుకుని ఏలూరు తీసుకొచ్చింది. దారిలో రెండుసార్లు తనకే కళ్ళు తిరిగాయి. సూర్రావు దంపతులు కారులో దిగారు. వస్తూనే కొడుకు తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "చిక్కిపోయావురా నాన్నా" అంటూ ఆవిడ వాడి బుగ్గలు నిమిరింది. చిక్కిపోవడమా! చొక్కా బొత్తాలు తెగేలా ఉన్నాడు. తల్లిని కుర్చీతో సహా వరండా చివరికి జరిపించి, తన చేత్తో టీ తాగిస్తూ చెవిలో చాలాసేపు మాట్లాడాడు. అది చూసి బేబీరాణికి కడుపు నిండిపోయింది. పోన్లే, రక్తసంబంధం కదా, కరిగాడనుకుంది. పిచ్చిది!

లోపల ఆఫీసరు నెమ్మదస్తుడే. "మామ్మగారూ, భయపడకండి. మీకేం కావాలో మీ నోటితో చెప్పండి" అన్నాడు.

కనకరత్నం కొడుకు వైపు చూసింది. తర్వాత ఒళ్ళోని తన చేతులు చూసుకుంది. "నా కొడుకు బంగారమండీ. వాడి మీద నాకే బాధా లేదండీ. వేలిముద్ర వెయ్యమంటే వేశానండీ, అందులో ఏముందో నాకేం తెలుసు? ఈ పిల్లే నన్ను వదిలించుకోవాలని చూస్తోందండీ. వేళకి ఇంత అన్నం కూడా పెట్టదండీ" అంది.

"అత్తా!" అంది బేబీరాణి.

"విన్నారు కదండీ" అన్నాడు సూర్రావు, గొంతులో ఎక్కడలేని బాధా తెచ్చుకుని. "తమ్ముడు పోయినా, పోన్లే అని ఈవిణ్ణి అమ్మ ఇంట్లోనే ఉండనిచ్చామండీ. తిండి కూడా పెట్టడం లేదని మాకు ఇవాళే తెలిసిందండీ."

గదిలో ఉన్నవాళ్ళంతా బేబీరాణి వైపు తిరిగారు. ఆ చూపులు ఒంటి మీద చెప్పుదెబ్బల్లా పడ్డాయి. పొద్దున్న తను పెట్టిన అన్నం ఇంకా ఆ ముసలి కడుపులోనే ఉంది. ఆ సంగతి చెప్పాలనుంది. కానీ పెట్టిన అన్నం గురించి చెప్పుకోవాల్సి రావడం కన్నా నీచం ఇంకోటి లేదనిపించింది. మంచమెక్కిన మనిషి మీద ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "భోజనాలయ్యాక రండి, ఆర్డరు రాస్తాను" అన్నాడు ఆఫీసరు.

వరండాలోకి వచ్చారో లేదో కనకరత్నానికి బాత్రూంకి వెళ్ళాల్సి వచ్చింది. శ్రీదుర్గ రెండడుగులు వెనక్కి వేసి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సూర్రావు ఆయా ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ముసలావిడ మాత్రం ఎవరినీ చూడలేదు. ఎప్పటిలాగే చెయ్యి చాపి, "బేబీ" అంది.

వెళ్ళకూడదనుకుంది బేబీరాణి. ఒట్టు, వెళ్ళకూడదనే అనుకుంది. అయినా వెళ్ళింది. లోపల చీర ఎత్తి పట్టుకుని, కూర్చోబెట్టి, కడిగి, లేపుతూ అడిగింది. "ఎందుకన్నావత్తా అంత మాట?"

కనకరత్నం బరువంతా కోడలి భుజం మీద వేసి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఏం చెయ్యనే? వాణ్ణి ఏవన్నా అంటే ఈ జన్మలో నా మొహం చూడనన్నాడు. తలకొరివి కూడా పెట్టనన్నాడు. నాకు భయం వెయ్యదా?"

"మరి నన్ననడానికి?"

"నువ్వెక్కడికి పోతావే! నిన్నేమన్నా సాయంత్రానికి అన్నం పెడతావు. వాడు అలాంటివాడు కాదుగా."

"నా ఆపరేషన్ సంగతేంటత్తా?"

"ఆడపుటక పుట్టాక ఇవన్నీ ఉండేవేలే. నెమ్మదిగా చేయించుకుందువు గానీ, గట్టిగా పట్టుకో, పడతాను."

అందులో కక్ష లేదు, కల్మషం లేదు. అదే బేబీరాణి గుండె కోసేసింది. తిట్టి ఉంటే తట్టుకునేది. ఇన్నాళ్ళూ చేసిన చాకిరీకి తనకి దొరికింది ఇదన్నమాట. ఏమన్నా పడుంటుందన్న ధీమా! అయినా గట్టిగానే పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆఫీసరు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "కొడుకు మీద ఫిర్యాదు లేదని పెద్దావిడే చెప్పారు కాబట్టి ఇది ఇక్కడితో మూసేస్తున్నాను. ఏమ్మా కోడలు, ఇకనుంచైనా ఆవిణ్ణి సరిగ్గా చూసుకుంటానని రాసివ్వండి."

బేబీరాణి లేచి నిలబడింది. "అయ్యా, ఒక్క మాటండీ. అత్తయ్యగారు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, నేనేం కాదనను. కానీ అన్నం పెట్టనిదాని దగ్గరికి ఆవిణ్ణి మళ్ళీ ఎలా పంపుతారండీ? రేపు ఆవిడకి ఏదైనా అయితే నేనే చంపానంటారు. బంగారం లాంటి కొడుకు ఎదురుగా ఉన్నారు. ఆయనతో పంపించండి."

ఆఫీసరు సూర్రావు వైపు తిరిగాడు. "అదీ నిజమే కదండీ సూర్రావుగారూ. తిండి పెట్టడం లేదని మీరే అన్నారు. మళ్ళీ అక్కడే ఎలా వదిలేస్తారు?"

సూర్రావు పెళ్ళాం వైపు చూశాడు. "అంటే... మాకు మెట్లండీ..."

"కింద గది ఒకటి చూడండి. ఇవాళే తీసుకెళ్ళండి" అన్నాడు ఆఫీసరు. ఆయన చెప్పిన కాగితం మీద సూర్రావు సంతకం పెట్టక తప్పలేదు.

కారు దగ్గర శ్రీదుర్గ సీటు మీద పాత దుప్పటి పరిచింది. ముసలావిణ్ణి ఎక్కించడం ఆ మొగుడూ పెళ్ళాలకి చేతకాలేదు. చివరికి బేబీరాణే నడుం కింద చెయ్యి వేసి ఎత్తి కూర్చోబెట్టింది. ఎత్తగానే పొత్తికడుపులో నొప్పి మెలితిప్పింది.

"నువ్వూ ఎక్కి కూర్చోవే" అంది కనకరత్నం, పక్కన చోటు చూపిస్తూ.

"నేను రావడం లేదత్తా."

అప్పుడు అర్థమైంది ఆవిడకి. కొడుకు వైపు చూసింది. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. గబుక్కున కోడలి చెయ్యి పట్టేసుకుంది. "వద్దే బేబీ! వీళ్ళకేం తెలుసే నా సంగతి? నన్ను ఇంటికి తీసుకుపోవే!" బేబీరాణి ఒక్కొక్క వేలూ విడిపిస్తుంటే ఆవిడ ఏడుపు కేకలుగా మారింది. "నిన్నే నమ్ముకున్నాను కదే! నమ్మినందుకు నా గొంతు కోశావు కదే!"

గేటు దగ్గరున్న జనం మొత్తం విన్నారు. "అయ్యయ్యో, ముసల్దాన్ని ఎలా వదిలించుకుందో చూడు" అంది వాళ్ళలో ఒకావిడ. గొంతు కోశావన్న మాట నేననాల్సింది కదత్తా, అని అరవాలనిపించింది బేబీరాణికి. అరవలేదు. కారు అద్దంలోంచి, "అక్కా, రాత్రి తనంతట తను పిలవదు. మీరే లేచి చూడాలి" అని మాత్రం చెప్పగలిగింది. శ్రీదుర్గ అద్దం ఎక్కించేసింది.

కారు తాడేపల్లిగూడెం రోడ్డెక్కింది. తెలియకుండానే దాని వెనక నాలుగడుగులు పరుగెత్తిన బేబీరాణి, కడుపు పట్టుకుని ఆగిపోయింది. పక్కనే ఆటో ఆగింది. "ఎక్కడికమ్మా, లంకకేనా?" అన్నాడు పొద్దున్న తీసుకొచ్చిన మనిషి.

"కాదు. ఆస్పత్రికి" అంది. అని వెక్కి వెక్కి ఏడ్చింది.