సిగ్గు కాదత్తా

లిదియమ్మ ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఏళ్ళతరబడి నర్సమ్మగా తిరిగింది. బడుల్లో ఆడపిల్లలను కూర్చోబెట్టి, బొమ్మల చార్టు విప్పి, ఒంట్లో ఏది ఎక్కడుందో, దాని పేరేమిటో, తడబడకుండా చెప్పేది. జనం ఆమెను బొమ్మలమ్మ అనేవాళ్ళు. అలాంటి మనిషి కోడలు పెళ్ళయిన కొత్తలోనే పుట్టింటికి పోయి ఇక రానంటోంది.

ఆదివారం చర్చి అయిపోగానే కొడుకు జోయల్‌ను వెంటబెట్టుకుని కొండాపురం బస్సెక్కింది. ఎలాగైనా సుకుమారిని తీసుకురావాలి. లేకుంటే పెద్దలు కూర్చుంటారు, వాళ్ళు కూర్చుంటే తెగతెంపుల మాట వస్తుంది.

జోయల్ ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తాగడు, చెయ్యెత్తడు. దారిపొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"రా వదినా, నువ్వే అడుగు నీ కోడల్ని," అంది సుకుమారి తల్లి రెబెకమ్మ. "తిండి పెట్టలేదా అంటే పెట్టినారంటాది. కొట్టినాడా అంటే లేదంటాది. మరి దేనికే వచ్చినావు అంటే ఏడుస్తాది."

సుకుమారి వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. లిదియమ్మ పక్కన చతికిలబడి తనూ రెండు కాయలు అందుకుంది.

"నా దగ్గర దాచేదేముండాదే తల్లీ? ఎంతమంది పిల్లలకు చెప్పినాను! కొత్తలో అందరికీ సిగ్గే. అదే పోతాది."

"సిగ్గు కాదత్తా. భయం."

"భయమేందే? అతనేమన్నా చిరతపులా?" అంది రెబెకమ్మ.

సుకుమారి తలెత్తలేదు. "మొదటి రోజు వద్దన్నాను. నవ్వినాడు. మర్నాడూ వద్దన్నాను. ఆ తర్వాత అనడం మానుకున్నాను. షాపు మూసే పొద్దయితే చాలు, చేతులు చల్లబడిపోయేవి."

గడప దగ్గర నిలబడ్డ జోయల్ ఆమె వైపు తిరిగాడు. "సిగ్గనుకున్నా. భయంగా ఉండాదని ఒక్క మాట అనింటే ఆగిపోయిండేవాడిని గదా!"

"వద్దంటే చాలదా?"

జోయల్ తల్లి వైపు చూశాడు. లిదియమ్మ చేతిలోని చింతకాయ అలాగే ఉండిపోయింది. పెళ్ళికి ముందు వంటింట్లో బియ్యం కడుగుతూ, వాడి వైపు తిరగకుండానే చెప్పింది. 'ఆ పిల్ల సిగ్గుపడతాదిరా. వద్దంటాది. నువ్వే చొరవ తీసుకోవాల.' ఊరి పిల్లలందరికీ అన్నిటి పేర్లూ చెప్పిన మనిషి కొడుక్కి చెప్పింది అంతే.

"వాడికి అట్ట చెప్పింది నేనే తల్లీ. నా మొహం చూసి..."

"ఎవరు చెప్తే ఏముంది అత్తా? ఆ గది తలుచుకుంటే నాకు ఊపిరాడదు."

"ఇంక నువ్వు చెప్పిందాకా నేను నీ పక్కకు రాను సుకుమారీ," అంటూ జోయల్ ఒక అడుగు ముందుకేశాడు.

సుకుమారి గోడకు ఒదిగిపోయింది. తల వంచుకుంది, కొంగు బిగించి పట్టుకుంది. జోయల్ అక్కడే ఆగిపోయాడు. రోజూ చూసినదే. చూసి మురిసిపోయినదే. ఇప్పుడు వేళ్ళు వణకడం కూడా కనబడింది.

వెనక్కి తగ్గి చెప్పులేసుకున్నాడు.

"పదమ్మా."

"ఉండరా, ఇంకొక్కసారి మాట్లాడతా..."

"వద్దంటాంది గదమ్మా."

రెబెకమ్మ అన్నం తిని పొమ్మంది. ఎవరూ తినలేదు.

తిరుగు బస్సులో జోయల్ కిటికీ వదిలి తల్లి వైపు తిరిగాడు. "నేను తొమ్మిదో తరగతిలో ఉండంగా మా బడికి గూడా వచ్చినావు గదా. చార్టు తగిలించి, మగపిల్లోళ్ళను గ్రౌండుకు పొమ్మన్నారు. మేం కబడ్డీ ఆడుకున్నాం."

"ఊఁ."

"లోపల ఏం చెప్పినావమ్మా?"

లిదియమ్మ గుర్తు చేసుకుంది. నెలసరి, శుభ్రం, రక్తం పట్టే మాత్రలు, కడుపులో బిడ్డ ఎట్లా పడేది. ఒక్కొక్క బొమ్మే కళ్ళ ముందు తిప్పుకుంది.

"నువ్వు లోపల కూర్చున్నా ఒకటేరా," అంది చివరికి. "ఇది అందులో లేదు."

జోయల్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆమె కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యచ్చో లేదో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.